పిప్పి

వావిలి కొమ్మ తుంచితే
ముందు ముక్కుకు తెలుస్తుంది,
తర్వాతే చేతికి.
మూసారాంబాగ్ వంతెన పక్కన, మూసీ నురగకు రెండు గజాల ఎత్తున
అయిదేసి వేళ్ల ఆకులు,
పైన పచ్చ, అడుగున బూడిద.
ఆ కంపులో ఈ ఘాటు ఎట్లా నిలబడిందో
నా థీసిస్‌లో రాయడానికి చోటు లేదు.

నాలుగు కిలోలు తెంపాం, నేనూ జాంగీరన్నా.
మా కాలేజీ ఎలుకల గదికి ఆయనే పెద్దదిక్కు.
అంతకుముందు అఫ్జల్‌గంజ్ నుంచి చాదర్‌ఘాట్‌కు
పందొమ్మిదేళ్లు రిక్షా తొక్కాడు.
గట్టు ఎక్కేటప్పుడు మోకాలి మీద చెయ్యేసి
దాన్ని అడిగి, ఒప్పించి,
అప్పుడు లేచాడు.

నీడన తొమ్మిది రోజులు ఆరబెట్టి, పొడికొట్టి
సాక్స్‌లెట్‌లో పోశాను.
స్పిరిట్టు ఎక్కుతుంది, దిగుతుంది,
ఎక్కుతుంది, దిగుతుంది.
నాకు కునుకు పడుతుంది.
చివరికి గిన్నె అడుగున మిగిలింది
నల్లగా, జిగటగా, ఎండకు మెత్తబడ్డ తారులా,
గుప్పెడు కూడా లేదు.

ఎలుక పాదంలో సూది.
సముద్రపు నాచు నుంచి తీసిన జిగురు, ఒక్క చుక్క.
మూడో గంటకు పాదం రేగుపండవుతుంది.
వాపును చూసి బలుపనుకోవద్దనేది మా నానమ్మ.
వాపును పాదరసంలో ముంచి
మిల్లీలీటర్లలో రాసుకోమంటారు మా గైడు.

నాలుగు గుంపులు, ఆరేసి ఎలుకలు.
ఒక గుంపుకు డైక్లోఫెనాక్.
రెండింటికి నా వావిలి: కొంచెం, దానికి రెట్టింపు.
ఒక గుంపుకు ఉప్పునీళ్లు.

ఆ ఉప్పునీళ్ల ఆరింటినీ
జాంగీరన్న చాలాసేపు చూసేవాడు.
"వీటికేం ఇయ్యవా బిడ్డా?"
"ఇస్తే మిగిలినవాటికి తగ్గిందని ఎట్ల తెలుస్తదన్నా?"
"అంటే ఇవి నొప్పి పడ్తెనే
నీ మందు మందైతది."
నేను స్టాప్‌వాచ్ చూసుకున్నాను.

వేడి పలక. యాభై అయిదు డిగ్రీలు.
పాదం నాకుతుందా, ఎగురుతుందా, ఎన్ని సెకన్లకు?
ఉప్పునీళ్లకు మూడు.
వావిలికి ఎనిమిది పాయింట్ నాలుగు.
పదిహేను దాటితే దింపెయ్యాలి, అది రూలు.
"ఎండాకాలం డాంబరు రోడ్డు మీద
నాకు గసోంటి రూలు ఎవరు పెట్టలేదేందమ్మా"
అని నవ్వాడు.
నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

సారం లాగేశాక మిగిలిన పిప్పిని
పసుపు సంచిలో పడేస్తుంటే
క్యారీబ్యాగ్ పట్టుకుని నిలబడ్డాడు.
అందులో ఏమీ లేదన్నా, అన్నాను.
అంతా తీసేశాను.
"ఉండనీ. ఏమీ లేనోని కాలికే గదా."

వారం తర్వాత అడిగాను, తగ్గిందా అని.
"కట్టినప్పుడు ఎచ్చగుంటది.
మా అంజవ్వ కట్టుకుంట తిడ్తది.
తిట్టినంతసేపు నొప్పి యాదికి రాదు."
రాసుకోవడానికి పెన్ను తీసి
మళ్లీ జేబులో పెట్టాను.
ఒక్క మోకాలు. పోల్చడానికి రెండోది లేదు,
రెండోదీ అట్లాంటిదే.

ఆఖరి రోజు లెక్క తేడా కొట్టింది.
ఉప్పునీళ్ల గుంపులో నాలుగో ఎలుకకు
ఉబ్బాల్సినంత ఉబ్బలేదు.
రెండుసార్లు ముంచాను, మూడోసారీ అదే అంకె.
పంజరంలో పొట్టు కదిలిస్తే
అడుగున ఒక వావిలాకు,
అయిదు వేళ్లలో రెండు కొరికి ఉన్నాయి.

ఆ ఆకే తగ్గించిందో,
ఆ ఎలుక ఒంటి తత్వమే అంతో,
నా చెయ్యే వణికి చుక్క తక్కువ పడిందో.
గైడు కళ్లద్దాలు తుడుచుకుని అన్నారు,
"కంట్రోల్ గ్రూపు మళ్లీ చెయ్యి."
మళ్లీ అంటే
ఇంకో ఆరు ఎలుకలు,
ఆరు సూదులు,
ఆరు రేగుపళ్లు.

కొత్తవి ఎందుకొచ్చాయో జాంగీరన్నకు చెప్పలేదు.
సోమవారం పొద్దున
కుడికాలు వంచకుండా కూర్చుని
కొత్త పంజరంలో పొట్టు పరుస్తున్నాడు.
నేను వెనక నిలబడి
ఆయన చొక్కా జేబు నుంచి
ఆ ఘాటు వస్తోందేమోనని
ఊపిరి గట్టిగా పీల్చాను.